బిళ్ళకి బిళ్ళ

పోయిన నెల మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పడేశారు. ఇంగ్లండు కుర్రాడొకడు హెర్షీ మిల్క్ చాక్లెట్ బార్ విప్పి, ముక్క కొరికి, మొహం అష్టవంకర్లు తిప్పి, వాంతి వాసనొచ్చే ఈ సరుకుని అమెరికా వాళ్ళు ఎలా తింటున్నారో అంటాడు. అంతే, గ్రూపుకి ప్రాణం లేచొచ్చింది. ఒకడు 'అందుకే మనోళ్ళు సూట్‌కేసుల నిండా తెచ్చి చుట్టాలకి పంచేస్తారు, ఇంట్లో ఉంచుకోరు' అన్నాడు. ఇంకొకడు పల్లీ పట్టీ ఫోటో పెట్టి 'దీని ముందు అన్నీ బలాదూర్' అన్నాడు. నేను న్యూజెర్సీలో ఉంటాను కాబట్టి నన్ను ట్యాగ్ చేసి మరీ జవాబు చెప్పమన్నారు, ఆ కంపెనీ ఏదో మా మేనమామదైనట్టు.

నాలుగు లైన్లు టైపు చేశాను, చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను. నిజం చెప్పాలంటే ఆ బార్ రుచి నాకూ అంత గొప్పగా అనిపించదు. అయినా ఆ వీడియో చూసి నవ్వు రాలేదు. ఆ కుర్రాడు తప్పు త్రాసు పట్టుకున్నాడనిపించింది. హెర్షీ బార్‌ని నాలుకతో తూస్తే ఎప్పుడూ తక్కువే తూగుతుంది. దాన్ని తూయాల్సింది చేతిలో ఉన్న నాణెంతో. ఇది వాట్సాప్‌లో చెబితే తేలే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

పాడే ఆవులు, కాచిన వెన్న

రెండేళ్ళ కిందట వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే ఎక్కడెక్కడికి తిప్పాలో మనవాళ్ళకి రాయని చట్టం ఒకటుంది కదా: నయాగరా, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి. ఆ దారిలోనే ఎక్కడో ఒకచోట హెర్షీ. పెన్సిల్వేనియాలో అది ఊరి పేరే. వీధి దీపాలు ఆ కంపెనీ కిస్ చాక్లెట్ల ఆకారంలో ఉంటాయి. పెద్ద వీధుల పేర్లు చాక్లెట్ అవెన్యూ, కోకో అవెన్యూ. నాన్న ఆ బోర్డులు చూసి, "మన దగ్గర బెల్లం వీధి, పప్పుల వీధి ఉన్నట్టేరా" అన్నారు. ఆయనకి అది పెద్ద వింతగా అనిపించలేదు.

అక్కడ చాక్లెట్ వరల్డ్ అని ఒకటుంది. 1973లో తెరిచారు. అంతకుముందు జనాన్ని అసలు ఫ్యాక్టరీలోకే తీసుకెళ్ళి చూపించేవాళ్ళు. రద్దీ పట్టలేక ఈ నమూనా కట్టారు. చిన్న బండిలో కూర్చుంటే అదే తిప్పుతుంది. గింజలు వేగడం, రుబ్బడం, అచ్చుల్లో పోయడం చూపిస్తుంది. మధ్యలో బొమ్మ ఆవులు తలలూపుతూ పాట పాడతాయి. అమ్మకి మొత్తం అమెరికాలో నచ్చిన మొదటి అయిదింట్లో ఆ ఆవులు ఉన్నాయి. బయటికొచ్చేటప్పుడు చేతిలో ఒక చాక్లెట్ పెడతారు. బయట బెంచీ మీద కూర్చుని నేను ఒక మామూలు బార్ కూడా కొని, కాగితం విప్పి ముక్క తుంచి ఇచ్చాను.

అమ్మ నోట్లో వేసుకుని కళ్ళు చిట్లించింది. కాసేపు చప్పరించింది. "ఒరే, ఇందులో వెన్న కాచిన వాసన వస్తోందేమిట్రా?" అంది.

ఆ మాట నాకు తర్వాత చాలా రోజులు గుర్తుండిపోయింది. ఎందుకంటే ఆమె తెలియకుండానే రసాయన శాస్త్రం చెప్పేసింది. ఆ పులుపు వాసనకి కారణం బ్యూటిరిక్ ఆమ్లం అని ఆహార శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. పాలలో ఉండే కొవ్వు విరిగినప్పుడు పుట్టే పదార్థం అది. దాని పేరే లాటిన్‌లో వెన్న అనే మాట నుంచి వచ్చింది. పార్మెజాన్ జున్నులో ఉంటుంది, నేతిలో ఉంటుంది, ఆ కుర్రాడు చెప్పినట్టు వాంతిలో కూడా ఉంటుంది. ఒకే వాసనకి ఇంగ్లండు కుర్రాడి ముక్కు ఒక పేరు పెట్టింది, అమ్మ ఏలూరు ముక్కు ఇంకో పేరు పెట్టింది.

మా ఇంట్లో వారానికోసారి వెన్న కాచేవారు. వారమంతా దాచిన మీగడ తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి గిన్నెలో పొయ్యి మీద పెడితే మొదటి పది నిమిషాలు ఇంట్లో ఉండలేం. పుల్లగా, ముతగ్గా, గొంతులో అడ్డం పడే వాసన. నేను వీధిలోకి పారిపోయేవాణ్ణి. తర్వాత నెయ్యి కమ్మటి వాసన మొదలయ్యేసరికి తిరిగొచ్చి, అడుగున మిగిలిన గోధుమరంగు గసిలో పంచదార కలుపుకుని గిన్నె నాకేసేవాణ్ణి. అంటే ఆ రెండు వాసనలకీ మధ్య దూరం పది నిమిషాలే.

అలాగని అమ్మకి ఆ చాక్లెట్ నచ్చిందని అనుకోకండి. రెండో ముక్క ఇస్తే "చాలమ్మా, పిల్లకి ఉంచు" అని కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. అంతకన్నా మర్యాదగా ఎవరూ వద్దనలేరు.

పాలతో కుస్తీ

ఆ వాసన ఎలా వచ్చి చేరిందనేది మిల్టన్ హెర్షీ కథలో ఉంది. 1857లో ఆ చుట్టుపక్కలే పుట్టాడు. ఫిలడెల్ఫియాలో మిఠాయి కొట్టు పెట్టి ఆరేళ్ళు నడిపి మూసేశాడు. డెన్వర్ వెళ్ళి ఒక కారమెల్ వ్యాపారి దగ్గర పనిచేశాడు. తాజా పాలు పోసి చేస్తే కారమెల్ ఎక్కువ రోజులు నిలుస్తుందని అక్కడే నేర్చుకున్నాడు. న్యూయార్క్‌లో మళ్ళీ పెట్టాడు, మళ్ళీ మునిగాడు. చివరికి లాంకాస్టర్‌లో కారమెల్ పట్టుకుంది, డబ్బు వచ్చింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకి వెళ్ళి, జర్మనీ వాళ్ళ చాక్లెట్ యంత్రాలు ఆడుతుంటే చూసి, ప్రదర్శన అయ్యాక వాటినే కొనేశాడు. 1900లో బాగా నడుస్తున్న కారమెల్ కంపెనీని పది లక్షల డాలర్లకి అమ్మేసి, చాక్లెట్ మాత్రం దగ్గరుంచుకున్నాడు. అదే ఏడు మిల్క్ చాక్లెట్ బార్ బజారులోకి వచ్చింది.

అప్పటికి పాల చాక్లెట్ అంటే స్విట్జర్లాండ్ సరుకు, డబ్బున్నవాళ్ళ సరుకు. పాలనీ కోకోనీ చెడిపోకుండా కలపడం ఎలాగో ఐరోపా వాళ్ళు బయటికి చెప్పరు. పాలలో నీళ్ళుంటాయి, చాక్లెట్‌కి నీళ్ళంటే పడదు. హెర్షీ ఊళ్ళోని పాడి పశువుల మధ్యే కూర్చుని ఏళ్ళ తరబడి తిప్పలు పడ్డాడు. వెన్న తీసిన పాలలో బోలెడు పంచదార వేసి, సన్నటి వేడి మీద నెమ్మదిగా చిక్కబరచడం దగ్గర దారి దొరికింది. మన కోవా కాచినట్టే, కాకపోతే గాలి తీసేసిన పాత్రలో. ఆ నిదానంలోనే పాలలో ఇంకా మిగిలిన కొవ్వు కొంచెం విరిగి ఆ పులుపు వచ్చి చేరిందని బయటివాళ్ళ వివరణ. కంపెనీ తన పద్ధతి ఇప్పటికీ బయటపెట్టలేదు. ఏదైతేనేం, ఆ పద్ధతితో చాక్లెట్ చవగ్గా, గుట్టలు గుట్టలుగా తయారయింది, కొట్లో నెలల తరబడి పాడవకుండా కూర్చుంది. 1905లో పొలాల మధ్య కొత్త ఫ్యాక్టరీ లేచింది. పాలున్న చోటికి ఫ్యాక్టరీని తీసుకొచ్చాడు, తర్వాత దాని చుట్టూ ఊరు కట్టాడు.

చాక్లెట్ ఎలా ఉండాలో అప్పటికి తెలియని కోట్లమంది అమెరికన్లకి ఇదే మొదటి చాక్లెట్ అయింది. మొదట తిన్నదే ప్రమాణం. పుల్లటి చాక్లెట్ తిని పెరిగిన జాతికి పులుపు లేని చాక్లెట్ చప్పగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మా నాయనమ్మకి బియ్యం పాతబడితే తప్ప అన్నం అన్నంలా అనిపించేది కాదు.

అయిదు సెంట్లు

ఇప్పుడు అసలు సంగతి. హెర్షీ బార్ దశాబ్దాల పాటు, 1969 చివరి దాకా, అయిదు సెంట్లు. నికెల్ అంటారే, ఆ ఒక్క నాణెం. మధ్యలో మహామాంద్యం వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, కోకో ధర పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. నాణెం మాత్రం కదల్లేదు. కదిలింది బార్.

1930ల మొదట్లో అన్నీ చవకైపోయిన రోజుల్లో బార్ రెండు ఔన్సుల దాకా లావెక్కింది. అంటే 57 గ్రాములు. తర్వాత తగ్గుతూ, కాస్త పెరుగుతూ, మళ్ళీ తగ్గుతూ 1968కి ముప్పావు ఔన్సుకి, 21 గ్రాములకి వచ్చింది. అంటే ధర కాగితం మీద స్థిరంగా ఉంది, చాక్లెట్ మాత్రం అరటాకంత నుంచి తమలపాకంత అయింది. ఇక ఇంతకన్నా పలచన చేస్తే వెండి కాగితమే తినాల్సొస్తుందనే స్థితిలో 1969లో ధర పది సెంట్లు చేశారు, బరువు ఒకటిన్నర ఔన్సు చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూడండి. 21 గ్రాములు అయిదు సెంట్లు. 42 గ్రాములు పది సెంట్లు. గ్రాము ధర అణా పైసలతో సహా అంతే. లెక్కల ప్రకారం ఎవరికీ నష్టం లేదు. కానీ గుప్పిట్లో ఒకే ఒక్క నికెల్ బిగించి కొట్టుకొచ్చిన పిల్లాడు ఆ రోజు వట్టి చేతులతో తిరిగెళ్ళాడు. వాడికి గ్రాము ధరతో పనిలేదు. వాడి దగ్గర ఉన్నది ఒక బిళ్ళ. బిళ్ళకి ఏదైనా వస్తుందా రాదా, అంతే వాడి అర్థశాస్త్రం.

ఇంకో సంగతి. ఆ కంపెనీ 1970 దాకా అమెరికాలో దేశవ్యాప్తంగా జనానికి ప్రకటనలే ఇవ్వలేదు. సరిగ్గా నికెల్ బార్ పోయిన మరుసటి ఏడే అలాంటి మొదటి ప్రకటన వచ్చింది. పోటీదారు మార్స్ కంపెనీ ముందుకి దూసుకుపోవడం అందుకు పెద్ద కారణమని వ్యాపార చరిత్ర రాసేవాళ్ళు అంటారు, కాదనను. నాకు మాత్రం ఆ రెండు తేదీలూ పక్కపక్కన కనబడితే ఇంకోలా తోస్తుంది. అన్నాళ్ళూ దేశంలోని ప్రతి నికెలూ దానికి ప్రకటనే. ఆ బిళ్ళ చేతిలో పడగానే పిల్లాడికి గుర్తొచ్చేది అదే. నాణెంతో లంకె తెగిపోయాక నోరు తెరిచి 'నన్ను కొనండి' అని అరవాల్సి వచ్చింది.

చిల్లర లేదు

ఇదంతా పెన్సిల్వేనియా కథే అయినా నాకు అర్థం చేయించింది మా వీధి చివరి కిరాణా కొట్టు.

తెలుగులో ఒక తమాషా ఉంది. రూపాయి బిళ్ళ అంటాం, పిప్పరమెంటు బిళ్ళ అంటాం. మాట ఒకటే. గుండ్రంగా, చిన్నగా, గుప్పిట్లో పట్టేది ఏదైనా బిళ్ళే. మా ఊళ్ళో ఆ పోలిక మాటతో ఆగలేదు. కొట్టు బాబాయి గారి దగ్గర పాలపొట్లమో అగ్గిపెట్టో కొని పది ఇస్తే, మిగిలిన రూపాయికి ఆయన చెయ్యి గల్లాపెట్టె వైపు వెళ్ళేది కాదు, దాని పక్కనున్న గాజు సీసా వైపు వెళ్ళేది. "చిల్లర లేదమ్మా, చాక్లెట్లు తీసుకో." సీసా మూత చర్రుమని తిరిగేది, రెండు చాక్లెట్లు చేతిలో పడేవి. మనకి చాక్లెట్ అంటే కోకో ఉండాలనే నియమమేమీ లేదు. రంగు కాగితంలో చుట్టి రెండు చివరలూ మెలిపెట్టినది ఏదైనా చాక్లెట్టే. పంద్రాగస్టుకి బళ్ళో పంచినదీ అదే, పుట్టినరోజుకి కొత్త బట్టలేసుకుని క్లాసంతా తిరిగి ఇచ్చినదీ అదే.

నాకు పదేళ్ళప్పుడు అలా వచ్చిన చాక్లెట్లు ఓ డబ్బాలో దాచాను. పన్నెండు చాక్లెట్లు పోగయ్యాక తీసుకెళ్ళి బాబాయి గారి బల్ల మీద పోసి, "వీటికి ఒక నోటుబుక్కు ఇవ్వండి" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "నేనిస్తేనే ఇది చిల్లర. నువ్విస్తే చాక్లెట్టే" అన్నాడు. నోటుబుక్కు ఇవ్వలేదు గానీ, చేతిలో ఇంకో చాక్లెట్ పెట్టి పంపాడు. ప్రభుత్వానికీ ప్రజలకీ మధ్య డబ్బు ఎలా పనిచేస్తుందో తర్వాత నేను చదువుకున్న ఏ పాఠమూ అంత సూటిగా చెప్పలేదు.

ఆ సీసాలో ఎక్కువగా ఉండేవి చిత్తూరు సరుకు. న్యూట్రిన్ వాళ్ళ ఆసే, మహాలాక్టో. చిన్నప్పుడు ఆ పేరు చూసి ఏ లండన్ కంపెనీయో అనుకునేవాణ్ణి, చిత్తూరని తెలిసేసరికి మీసాలొచ్చాయి. 1952లో పుట్టిన ఆ కంపెనీని 2006లో గోద్రెజ్ కొంది. 2007లో హెర్షీ వచ్చి గోద్రెజ్‌తో చేతులు కలిపింది, 2012లో మొత్తం తీసేసుకుంది. ఇంగ్లీషు పేపర్లో మూలన ఎక్కడో చదివిన వార్త అది. అప్పట్లో నాకు దాంతో పనేముంది, పేజీ తిప్పేశాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం అయిదు సెంట్ల బిళ్ళతో ఎదిగినవాళ్ళు అర్ధరూపాయి బిళ్ళతో ఎదిగినవాళ్ళని వెతుక్కుంటూ చిత్తూరు దాకా రావడం సబబుగానే అనిపిస్తుంది. ఇద్దరూ ఒకే విద్య నేర్చినవాళ్ళు: ముందు నాణెం చూడాలి, ఆ తర్వాత అందులో ఎంత తీపి పడుతుందో చూడాలి.

మరి ఆ బిళ్ళ ఎవరి జేబులోది?

ఇక్కడిదాకా చదివినవాళ్ళకి నేను ఆ కంపెనీకి హారతి పడుతున్నానని అనిపించవచ్చు. నాకే అనిపించింది. అందుకే ఈ వ్యాసం రెండు వారాలు మూలన పడేశాను.

మిల్టన్ హెర్షీని మెచ్చుకోవడం తేలిక. పిల్లలు లేరు. భార్య కేథరిన్‌తో కలిసి 1909లో అనాథ పిల్లలకి బడి పెట్టాడు. ఆమె పోయాక, 1918లో కంపెనీ వాటాలు దాదాపు మొత్తం ఆ బడి ట్రస్టుకి రాసిచ్చేశాడు. లోకానికి ఆ సంగతి తెలిసింది అయిదేళ్ళ తర్వాత. ఈ రోజుకీ కంపెనీ పగ్గాలు ఆ ట్రస్టు చేతిలోనే ఉన్నాయి, రెండు వేల మందికి పైగా పిల్లలు ఆ డబ్బుతో చదువుకుంటున్నారు. 2002లో ట్రస్టు కంపెనీని అమ్మాలని చూస్తే ఊరు ఊరంతా అడ్డం పడి ఆపించింది. మన దగ్గర ఇలాంటి మనిషి ఉంటే ఊళ్ళో విగ్రహం, ఏటా జయంతి, మెడలో దండ.

కానీ ఆ బడి మొదట తెల్లజాతి మగపిల్లలకి మాత్రమే. పత్రంలోనే అలా రాశారు, అది మారడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఇక 1937 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ కార్మికులు సంఘం పెట్టుకుని లోపలే కూర్చుని సమ్మె చేశారు. పాలు అమ్ముడుపోని పాడిరైతులూ యజమాని పక్షం వాళ్ళూ కర్రలతో లోపలికి చొరబడి వాళ్ళని చితకబాది బయటికి ఈడ్చారు. ఇళ్ళు, పార్కు, ట్రాము, బ్యాంకు అన్నీ ఒకే చేతి నుంచి వచ్చే ఊళ్ళో ఆ చేతిని జీతం అడగడం కూడా కృతఘ్నత కిందే లెక్క. చాక్లెట్ వరల్డ్‌లో ఆవులు ఈ పాట పాడవు.

ఇంకా పెద్ద చిక్కు కోకో దగ్గరుంది. పిల్లాడి బిళ్ళ విలువ మారకుండా ఉండాలంటే ఇంకెక్కడో ఎవరిదో చిక్కిపోవాలి. చాలా ఏళ్ళుగా అలా చిక్కినవాళ్ళలో పశ్చిమాఫ్రికా కోకో రైతులు ముందుంటారు. 2001లో పెద్ద చాక్లెట్ కంపెనీలు కొన్ని, హెర్షీ సహా, ఘోరమైన బాలకార్మిక పద్ధతుల్ని కోకో తోటల్లోంచి తీసేస్తామని సంతకాలు పెట్టాయి. పెట్టుకున్న మొదటి గడువు 2005. అది దాటింది, తర్వాతవీ దాటాయి. ఒక పిల్లాడికి నికెల్‌తో చాక్లెట్ దక్కడానికి ఇంకో పిల్లాడు కత్తి పట్టుకుని కాయలు కోయాలా అని ఎవరైనా అడిగితే నా నాణెం సిద్ధాంతం దగ్గర జవాబు లేదు.

పశ్చిమాఫ్రికా దాకా ఎందుకు, మా పెద్దనాన్న తోటే ఉంది. ఏలూరు నుంచి లోపలికి వెళితే కొబ్బరి చెట్ల నీడలో కోకో వేస్తారు. దేశంలో ఎక్కువ కోకో పండేది ఆంధ్రాలోనే. కాయ పచ్చగా, గీతలు పడి, చెట్టు మానుకే అతుక్కుని వేలాడుతుంది. పగలగొడితే లోపల తెల్లటి గుజ్జు చుట్టుకున్న గింజలు. ఆ గుజ్జు చప్పరిస్తే లేత సీతాఫలానికి కాస్త నిమ్మ తగిలినట్టుంటుంది, చాక్లెట్ పోలికే ఉండదు. గింజల్ని గుజ్జుతో సహా అయిదారు రోజులు మగ్గబెడితే కల్లు పులిసినట్టు వాసన, ఆ మీద ఎండబెట్టడం. మొత్తానికి చాక్లెట్‌కి పులుపు కొత్తది కాదు. పుట్టుకే పులిసి పుట్టింది.

2024లో ప్రపంచ బజారులో కోకో టన్ను పది వేల డాలర్లు దాటింది. పెద్దనాన్న వాకిట్లో వ్యాపారులు క్యూ కట్టారు. కిలో వెయ్యికి దగ్గరగా వెళ్ళింది. ఆయన మూడు నెలలు ఫోనులో వేరే గొంతుతో మాట్లాడాడు. మరుసటి ఏడాదికి ధర సగానికి పడింది, రైతులు రోడ్డెక్కారు. "మీ అమెరికాలో చాక్లెట్ రేటు కూడా సగమైందా?" అని అడిగాడు. "లేదు పెద్దనాన్నా, పెరిగింది" అన్నాను. "అదేలే" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఆయనకి తెలియంది ఏమీ లేదు.

ఊదారంగు కాగితం వెనక

మన నాలుకకి ప్రమాణం క్యాడ్‌బరీ. అమ్మకి ఆ రోజు హెర్షీ నచ్చలేదని, ఇంటికొచ్చాక సూపర్ మార్కెట్‌కి వెళ్ళి ఊదారంగు కాగితంలో డైరీ మిల్క్ తెచ్చాను. ఆమె తిని, "ఇదీ కొంచెం అదే వరసలో ఉందిరా" అంది. అలవాటు లేని ఊళ్ళో అన్నీ అలాగే అనిపిస్తాయిలే అనుకుని కాగితం పారేయబోతూ తిరగేసి చూశాను. చిన్న అక్షరాల్లో హెర్షీ, పెన్సిల్వేనియా.

అమెరికాలో క్యాడ్‌బరీ చాక్లెట్ల హక్కులు 1988లోనే హెర్షీ కొనేసిందని అప్పుడు తెలిసింది. ఇంగ్లండు నుంచి అసలు సరుకు తెచ్చి అమ్మే దిగుమతిదారుల మీద కేసు కూడా వేసి, 2015లో ఆపించింది. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు అప్పట్లో గోల గోల చేశారు. మా చిన్నప్పటి గుర్తు అనుకున్న కాగితం లోపల వేరే ఊరి పాలు. అమ్మ నాలుకకి ఆ సంగతి పేపరు చదవకుండానే తెలిసింది. ఇంగ్లండు కుర్రాడి వీడియోని ఎగతాళిగా కొట్టిపారేయలేకపోవడానికి ఇది ఒక కారణం. నాలుక అబద్ధం చెప్పదు. కాకపోతే తనకి తెలిసిన సంగతే చెబుతుంది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఇక్కడే పుట్టింది. హైదరాబాద్ నుంచి మా మరదలు తెచ్చిన ఇండియా డైరీ మిల్క్ తిని "నాన్నా, ఇది పాలపొడిలా ఉంది, చాక్లెట్‌లా లేదు" అంది. నేను నొచ్చుకున్నాను. పదిహేనేళ్ళు మా ఇంట్లో అమావాస్యకో పున్నానికో మాత్రమే కనబడిన అపురూపమైన వస్తువుని పాలపొడి అనేసింది. ఆమె చాక్లెట్ అనుకునేదాంట్లో ఆ పులుపు ఉండాలి. వాళ్ళ స్కౌట్ క్యాంపులో నిప్పుల మీద మార్ష్‌మెలో కాల్చి, తీపి బిస్కెట్ల మధ్య హెర్షీ బార్ ముక్క పెట్టి నొక్కి తింటారు. ఒకసారి నేనూ తిన్నాను. అంత తీపిలో ఆ చిరుపులుపు చింతపండులా పనిచేసి గొంతు పట్టకుండా కాపాడుతుంది. అక్కడ మాత్రం మన క్యాడ్‌బరీ పెడితే మొహం మొత్తిపోతుంది. ఒప్పుకోక తప్పదు.

హాలోవీన్ రాత్రి మారకం

ఇక మిగిలిన అనుమానం. ఇప్పుడు ఆ 43 గ్రాముల బార్ మా ఊరి పెట్రోల్ బంకులో రెండు డాలర్ల దాకా ఉంది. రెండు డాలర్లకి బిళ్ళ లేదు. పిల్లలెవరూ చిల్లర పట్టుకుని కొట్టుకి వెళ్ళరు, అమ్మానాన్నల కార్డు గీకుతారు. ఊళ్ళో బాబాయి గారి కొట్లో కూడా ఫోన్‌పే వచ్చాక సీసా మూత చప్పుడు పోయింది. తొమ్మిది రూపాయలైతే తొమ్మిదే పంపుతారు. నాణెం పోయాక నాణెం కోసం పుట్టినదానికి ఇంకేం పని? మామూలు రుచి, ఎక్కువ ధర. అప్పుడు ఆ ఇంగ్లండు కుర్రాడు అన్నదే నిజమవుతుంది కదా?

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే హాలోవీన్ పండగ రాత్రి, పోయినసారి, చూసింది మాత్రం ఒకటుంది. మా అమ్మాయీ, పక్కింటి ఇద్దరు పిల్లలూ వీధంతా తిరిగొచ్చి, మా హాల్లో తివాచీ మీద సంచులు గుమ్మరించారు. పోగులు పెట్టారు. తర్వాత బేరం మొదలైంది. రీసెస్ పీనట్ బటర్ కప్ ఒకటిస్తే చిన్న హెర్షీ బార్లు రెండివ్వాలి. స్నికర్స్‌కి ఒకటిన్నర, అంటే రెండిచ్చి ఒక లాలీపాప్ తిరిగి తీసుకోవాలి. కొబ్బరి ఉన్న మౌండ్స్ ఎవరికీ వద్దు, అది నాకు. అరగంట సేపు మూడు గొంతులు ఒకేసారి. గమనిస్తే లెక్కంతా హెర్షీ బార్లలోనే నడుస్తోంది. అది ఎవరికీ ఎక్కువ ఇష్టం లేదు, ఎవరూ వద్దనరు, అందరి దగ్గరా ఉంది. అలాంటిదేగా డబ్బుగా పనికొచ్చేది. ఏడాదిలో ఒక్క రాత్రికి అది మళ్ళీ బిళ్ళ అయింది.

పోయిన జనవరిలో ఏలూరు వెళ్ళినప్పుడు సూట్‌కేసులో మామూలుగానే ఓ రెండు కిలోల చాక్లెట్లు. వాట్సాప్‌లో మావాడు అన్నట్టే, చుట్టాలు తీసుకున్నారు, ఫ్రిజ్జుల్లో పెట్టారు. ఒక బార్ పట్టుకుని వీధి చివరికి వెళ్ళాను. బాబాయి గారికి డెబ్భై దాటాయి, కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు, ఈయన కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తాడు. నోటుబుక్కు సంగతి ఆయనకి గుర్తులేదు. నేను చెబితే మళ్ళీ అంతసేపూ నవ్వాడు.

బార్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికెంత?"

"రెండు డాలర్లు బాబాయి గారూ. నూట డెబ్భై దాకా."

"నూట డెబ్భైయా! దీన్ని ఎవరికి ఏం చిల్లర కింద ఇస్తాం?" అని కాగితం విప్పాడు. పన్నెండు గడులున్నాయి. ఒక గడి తుంచి నోట్లో వేసుకున్నాడు, ఒకటి కొడుక్కిచ్చాడు, ఒకటి అప్పుడే పెరుగు పొట్లం కోసం వచ్చిన పాపకిచ్చాడు. మిగతాది మడిచి పెరుగు పొట్లాల పక్కన పెట్టమన్నాడు.